హానన్ ఫిడేలుకు చుట్టాలు

కన్సెప్టా తన అరవయ్యో పుట్టినరోజును యాభై ఎనిమిదోదని చెప్పి జరుపుకోవాలనుకుంది. అసలు లెక్క తెలిసినవాళ్ళు ఎదురుపడని ఊరు కావాలి కనుక డబ్లిన్ వెళ్దామంది. కాపురముండే ఎన్నిస్ పట్నంలో ఆమెకు కర్టెన్ల దుకాణం ఉంది, చర్చిలో పూల కమిటీ ఉంది, వీధుల శుభ్రత కమిటీ ఉంది, వాటన్నిటినీ నడిపించే నోరు ఉంది. ఆ నోట ఒక మాట వచ్చిందంటే మొగుడు మాలకీ కోటు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడతాడు. ముప్పై ఏళ్ళు పాల లారీ తోలిన మనిషి, ఎక్కడికని అడిగే అలవాటు లేదు.

చెల్లెలు డింప్నాను కూడా రమ్మన్నారు. ఆమె అదే క్లేర్ జిల్లాలో పడమటి పల్లెలో, అక్కాచెల్లెళ్ళిద్దరూ పుట్టిన ఇంట్లోనే ఉంటూ బడి బస్సు నడుపుతుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అందుకు జాలిపడితే, బస్సెడు పిల్లల్ని సాయంత్రానికల్లా ఎవరి పిల్లల్ని వాళ్ళకు అప్పగించేయడంలో ఉన్న సుఖం మీకేం తెలుసని అడుగుతుంది.

రైలు ఎన్నిస్ దాటకముందే కన్సెప్టా షరతులు చెప్పింది. పర్యాటకులకు ఆకుపచ్చ టోపీలు అమ్మే దుకాణాల వైపు కన్నెత్తి చూడకూడదు. గిటారు పట్టుకుని పరాయి దేశాల వాళ్ళకోసం అరిచే పాటగాళ్ళ దగ్గరికి పోకూడదు. అసలైన సంగీతం మాత్రమే వినాలి. తమ ఇంటి గౌరవానికి అదే తగింది, ఎందుకంటే తాము థేడీ హానన్ మనుషులు.

ఈ చివరి మాట విని డింప్నా కిటికీలోంచి ఆవుల్ని చూడసాగింది.

థేడీ హానన్ వాళ్ళ పొలానికి గట్టు అవతలి వాడు. ఫిడేలు వాయించేవాడు. బతికున్నంత కాలం ఆ చుట్టుపక్కల అతన్ని ఎవరూ గొప్పవాడనలేదు. కంచె సరిగ్గా కట్టడని, అప్పిచ్చిన నిచ్చెన తిరిగివ్వడని మాత్రం అన్నారు. చచ్చిపోయి ఇరవై ఏళ్ళయ్యేసరికి ఊరి మధ్యలో కంచు విగ్రహమై కూర్చున్నాడు. వేసవిలో అతని పేరిట వారం రోజుల పాఠాలు జరుగుతాయి. ఫిడేలు పెట్టెలు మోసుకుని జర్మన్లు, జపాన్ వాళ్ళు వచ్చి, అతను విత్తనాలు కొన్న దుకాణం ముందు ఫొటోలు తీయించుకుంటారు. విగ్రహానికి పునాది పడిన రోజు కన్సెప్టాకు అతను ఇరుగుపొరుగు. ముసుగు తీసిన రోజుకు నాన్నకు ప్రాణస్నేహితుడు. ఈమధ్య అమ్మ వైపు నుంచి మేనమామ వరస కూడా అయ్యాడు.

నిజానికి వాళ్ళ నాన్న మాటీ టాల్టీకీ థేడీకీ ముప్పై ఏళ్ళు మాటల్లేవు. గట్టు వెంట పోయే మురుగుకాలవ ఎవరిదన్నది గొడవ. ఎదురుపడినప్పుడు ఇద్దరూ కాలవనే పలకరించేవాళ్ళు.

డబ్లిన్‌లో హోటలు గదిలో సంచులు పడేసి, ముగ్గురూ నది దాటి నడిచారు. జూన్ నెల ఎండ. వీధుల్లో జనం అప్పటికే తూలుతున్నారు. మాలకీకి దాహం వేసింది కాబట్టి మొదట కనబడిన పబ్బులోకి దూరాడు. ఒక కుర్రాడు గిటారు వాయిస్తూ పాడుతున్నాడు, రేపో ఎల్లుండో పెళ్ళి కాబోయే ఒక వేల్స్ పెళ్ళికొడుకు స్నేహితుల భుజాల మీద కూర్చుని పైకప్పుకు తల కొట్టుకుంటున్నాడు. మాలకీ తొలి గుక్క తాగి మీసాల మీది నురగ తుడుచుకునేలోపే పాట పల్లవి అందుకున్నాడు. కన్సెప్టా వెళ్ళి అతని మోచెయ్యి పట్టుకుంది. సగం గ్లాసు బల్ల మీదే ఉండిపోయింది. మాలకీ జీవితంలో అలాంటి నష్టం అదే మొదటిదట, తర్వాత చెప్పాడు.

కన్సెప్టా దుకాణానికి వచ్చే ఒకావిడ చెప్పిన అసలైన చోటు ఒక సందులో ఉంది. పేరు రాసిన పలక కూడా లేదు, అదే దాని గొప్ప. లోపల మూలగా ఏడెనిమిది మంది వాద్యాలు పట్టుకుని గుండ్రంగా, గదికి వీపులు పెట్టి కూర్చున్నారు. చుట్టూ నిలబడి వింటున్నవాళ్ళు చేతులు కట్టుకుని, తలలు వంచుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. శవం ఒక్కటే తక్కువ. రీల్ అనే చిందు వరస ఒకటి అయిపోయింది. ఎంత హుషారైనదంటే డింప్నా పాదం తనంతట తానే నేలను తట్టింది. చప్పట్లు కొట్టబోతే పక్కనున్న గడ్డపాయన చెయ్యి ఎత్తి వారించాడు. ఇక్కడ అలా చెయ్యరట.

కన్సెప్టా పానీయాలు చెబుతుంటే అదే గడ్డపాయన మరోసారి వేలు పెదవుల మీద పెట్టుకుని ష్ అన్నాడు. ఎన్నిస్‌లో ఆ పని చేసినవాడు ఇంతవరకూ లేడు. ఆమె మెడ ఎర్రబడింది. సంగీతం ఆగేదాకా ఓపిక పట్టి, ఆగిన క్షణాన, చెల్లెలితో అంటున్నట్టుగా గదంతా వినబడేలా అంది.

"బాగానే ఉందే. కానీ మన థేడీ మామయ్య దీన్ని ఇంత నీరసంగా వాయించేవాడు కాదు."

మూలన ఉన్న వీపులు ఒక్కొక్కటే తిరిగాయి.

మోచేతి కింద తిత్తి పెట్టుకుని పైపులు వాయిస్తున్న మనిషి లేచాడు. అతనే ఆ గుంపుకు పెద్ద. పేరు ఫియాక్రా. ముతక ఉన్ని కోటు, రాగి కడియం, జూన్ నెలలో కూడా మెడకు రుమాలు. వచ్చి, ఏ థేడీ అని అడిగాడు. థేడీ హానన్ అని కన్సెప్టా చెప్పగానే ఇంకేమీ అడగకుండా బార్ వైపు తిరిగి, వీళ్ళు తాగేదేదైనా తన లెక్కలో రాయమన్నాడు. గడ్డపాయన తన కుర్చీ ఇచ్చాడు.

ఆ తర్వాత జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. ముగ్గుర్నీ వాద్యగాళ్ళ వలయం లోపల కూర్చోబెట్టారు. మాలకీ ముందు నల్ల బీరు గ్లాసులు వరసకట్టాయి, అతను ఒక వైపు నుంచి క్రమశిక్షణగా మొదలుపెట్టాడు. డింప్నాకు లవంగాలు వేసిన వేడి విస్కీ వచ్చింది. జనం ఫోన్లు తీసి కన్సెప్టా నోటి ముందు పెట్టారు. ఆమె నోటికి అది పండగ. గుడ్డి పైపర్ ఒకాయన ఏడు చలికాలాలు తమ పశువుల కొట్టంలో పడుకున్నాడంది. థేడీకి అతను విద్య నేర్పింది తమ వంటింటి పొయ్యి దగ్గరే అంది. అంతా తలలు ఊపుతున్నారు, ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు ఫియాక్రా మెల్లిగా ఒక ప్రశ్న వేశాడు. థేడీ కమాను పట్టే పద్ధతి మీద పండితులు రెండు వర్గాలుగా చీలిపోయారట. బొటనవేలు లోపలా బయటా?

కన్సెప్టా పన్నెండో ఏట కాన్వెంటు బోర్డింగు బడికి వెళ్ళిపోయింది. థేడీ బొటనవేలు సంగతి దేవుడెరుగు, అతని మొహం కూడా ఆమెకు విగ్రహంలోనే సరిగ్గా తెలిసింది. ఫోన్లన్నీ ఎదురు చూస్తున్నాయి.

డింప్నా అప్పటిదాకా సిగ్గుతో బల్ల కింద అక్క కాలు తొక్కుతూ కూర్చుంది. రెండో వేడి విస్కీ సగానికి దిగింది. అక్క మొహంలో ఎప్పుడూ చూడని బెదురు కనబడేసరికి ఆమెలో ఏదో కదిలింది.

"వానాకాలంలో లోపల, ఎండాకాలంలో బయటండీ" అంది.

గదిలో ఒక నిట్టూర్పు పాకింది. ఫియాక్రా పక్కనున్న ఫిడేలు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పానా?" అన్నాడు ఆమెతో. "ఆ రికార్డుల్లో తేమ వినబడుతుందని నేను చెప్పానా లేదా?"

అబద్ధమాడటం ఇంత తేలికని డింప్నాకు అంతవరకు తెలియదు. రోజూ బస్సులో పిల్లలు చెప్పే కథలు విని విని, ఎలాంటి అబద్ధం నిలబడుతుందో ఆమెకు పట్టుబడింది: చిన్నది కావాలి, ఎవరికీ లాభం లేనిదై ఉండాలి. థేడీ శుక్రవారాలు వాయించేవాడు కాదని చెప్పింది. నల్లావు ఎదుట తప్ప తీగలు సరిచేసేవాడు కాదని చెప్పింది. రీల్ వాయించే ముందు మజ్జిగ, నెమ్మది పాటలకు ముందు ఏమీ లేదు. ఒక్కోదానికీ ఫియాక్రా తనకు ముందే తెలిసినట్టు కళ్ళు మూసుకున్నాడు. నల్లావు దగ్గర గడ్డపాయన అడ్డుపడి, ఆవు ఏ శ్రుతిలో అరిచేదని అడిగాడు. ఆకలి వేసినప్పుడు ఒకటి, దూడ గుర్తొచ్చినప్పుడు ఒకటి అని డింప్నా చెబితే అతను రాసుకున్నాడు.

కన్సెప్టాకు ఇది నచ్చడం మానేసి చాలాసేపయింది. పుట్టినరోజు తనది, మామయ్యను కనిపెట్టింది తను. ఫోన్లన్నీ చెల్లెలి వైపు తిరిగిపోయాయి. రెండుసార్లు మాట అందుకోబోయింది, రెండుసార్లూ గడ్డపాయన ష్ అన్నాడు.

చివరికి ఫియాక్రా లేచి నిలబడి, ఈ సాయంత్రం నిండుదనం పొందాలంటే ఒక్కటే దారి అన్నాడు. హానన్ రీల్ వాయిస్తారట. థేడీ పేరు మోసిన రీల్ అదే. రెండొందల ఏళ్ళ నాటిదని, కరువు రోజుల్లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినప్పుడు కూడా నోటి నుంచి నోటికి బతికొచ్చిందని, దాని మీద తాను వ్యాసం రాశానని చెప్పి, తిత్తి బిగించాడు.

వాయించారు. బాగా వాయించారు, ఆ మాట ఒప్పుకోవాలి. కళ్ళు మూసుకుని, నుదుట చెమట పట్టేలా వాయించారు. డింప్నాకు మాత్రం డబ్లిన్ కనబడటం మానేసింది. వంటింటి కిటికీ అరలో గోధుమరంగు రేడియో, దాని పక్కన నాన్న టోపీ, బయట గట్టు మీద సాయంత్రపు వెలుతురు కనబడ్డాయి. తనకు పదకొండేళ్ళున్నప్పటి రోజు. విస్కీ వల్ల కాదు. అది ఆమెకు నిజంగా గుర్తున్న సంగతి, ఆ గదిలో ఎవరూ అడగకుండానే గుర్తొచ్చిన మొదటి సంగతి.

రీల్ అయిపోయింది. ఫియాక్రా తడి కళ్ళతో ఆమె వైపు వంగి, ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నానని థేడీ చెప్పేవాడో ఆమె నోట వినాలని ఉందన్నాడు.

డింప్నా ఆలోచించలేదు.

"రేడియోలోంచండీ" అంది. "గొర్రెల పురుగుల మందు ప్రకటన అది."

ఆమె మొహమాటపడకుండా వివరంగా చెప్పింది. థేడీ సాయంత్రం గట్టు మీద కూర్చుని ఫిడేలు తీసేవాడు. మా నాన్నకు అతనంటే గిట్టదు కనుక, ఆ చప్పుడు వినబడకుండా రేడియో గొంతు పెంచి కిటికీ తెరిచి పెట్టేవాడు. పశువుల ధరలు చెప్పిన తర్వాత ఆ ప్రకటన వచ్చేది. థేడీ కొన్నాళ్ళు విన్నాడు. ఆ తర్వాత అదే వాయించడం మొదలెట్టాడు, నాన్నను ఏడిపించడానికే అయి ఉంటుంది. మొదట్లో మామూలుగానే ఉండేది. పోను పోను దానికి మెలికలు పెట్టాడు, వేగం పెంచాడు. ఇప్పుడు మీరు వాయించింది అదే.

ఫియాక్రా మొహం మీద చిరునవ్వు ఇంకా ఉంది. తీసేయడం మర్చిపోయినట్టుంది.

"ఇలాంటి హాస్యం ఇక్కడ బాగుండదమ్మా" అన్నాడు.

"హాస్యం కాదండీ."

"ఇంతకీ మీరు థేడీగారికి ఏమవుతారన్నారు?"

"ఏమీ కాం. గట్టు ఇవతలి వాళ్ళం."

కన్సెప్టా గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. గడ్డపాయన తన ఫోన్ వెనక్కి తీసుకుని, చూపుడు వేలితో ఏదో తుడిచేశాడు. కళ్ళు తుడుచుకున్న అమ్మాయి, పల్లెటూరి వాళ్ళు డబ్బు కోసం ఏమైనా అంటారని పక్కనావిడతో అంది. ఎవరి డబ్బు, ఎక్కడి డబ్బు అన్నది ఆమెకే తెలియాలి.

ఆ సమయంలో మాలకీ గ్లాసు దించాడు. గంటన్నరగా అతను ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడలేదు, పాడాడు. లారీ తోలేవాళ్ళకు ఉండే గొంతు, గాజు కిటికీలు అదిరాయి.

"గొర్రెకు పురుగా, గొర్రెకు నీరసమా, ఒక్కటే చెంచా, పట్టించు మామా..."

ఫియాక్రా ఇప్పుడే వాయించిన స్వరం మీద మాట మాట అతికినట్టు కూర్చుంది. బార్ చివర ఎత్తు పీట మీద మధ్యాహ్నం నుంచీ గోడకేసి చూస్తూ కూర్చున్న ముసలాయన, మాయో జిల్లా వాడట, తిరక్కుండానే రెండో చరణం అందుకున్నాడు. "మందంతా గంతులు వేసే..." ఇద్దరూ కలిసి చివరిదాకా పాడారు. ఎవరో ఒక జర్మన్ పర్యాటకుడు సంబరపడి చప్పట్లు కొట్టాడు, ఈసారి వారించే తీరిక ఎవరికీ లేదు.

ఫియాక్రా దీనికి ఒక్కటే జవాబు చెప్పాడు. కూర్చుని, తిత్తిలోకి గాలి కొట్టి, గట్టిగా ఒక శోకగీతం వాయించడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు వీపులు తిప్పేసుకున్నారు. బార్‌మన్ వచ్చి, చాలా మర్యాదగా, ఇక్కడ పాటలకు అనుమతి లేదని మాలకీతో చెప్పాడు. కోట్లు అందిస్తూ మాత్రం గొంతు తగ్గించి, పట్టించుకోకండన్నాడు. ఆ పైపులాయన అసలు పేరు రోజర్ అట. వాళ్ళమ్మ భోజనం చల్లారిపోతోందని ఇక్కడికి ఫోన్ చేస్తే, ఆ పేరు గల మనిషి ఎవరూ లేరని చెప్పమంటాడట.

సందులోకి రాగానే కన్సెప్టా ఆగింది. డింప్నా తిట్లకు సిద్ధపడింది.

"గంటసేపు అబద్ధాలు చెప్పి రాణుల్లా కూర్చున్నామే. నువ్వు ఒక్క నిజం చెప్పి వీధిలో పడేశావు. నీకేమైనా బుద్ధుందా?"

"అడిగాడు కదక్కా."

"అడిగితే? నన్ను నా వయసు అడగరా ఎవరైనా?"

డింప్నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసి, గోడకు ఆనుకుని నవ్వింది. మాలకీ మాత్రం ఎటు చూడాలో తెలియక సందు మొదటివైపు చూశాడు. అటు నుంచి ఇందాకటి గిటారు వినబడుతోంది. కన్సెప్టా అతని చూపు చూసింది. తర్వాత చేతిసంచి భుజాన సర్దుకుని, అందరికంటే ముందు నడిచింది.

ఆ పబ్బులో వేల్స్ పెళ్ళికొడుకు ఇంకా ఉన్నాడు, ఒక చెప్పు మాత్రం లేదు. గిటారు కుర్రాడు ప్రతి పాటకు ముందూ ఇది తన తాత యుద్ధానికి వెళ్తూ పాడినదని చెబుతున్నాడు, వరసగా మూడు పాటలకు మూడు యుద్ధాలు. అడిగినవాడు లేడు. కన్సెప్టా పుట్టినరోజని మాలకీ వెళ్ళి చెబితే ఎన్నో ఏడని కుర్రాడు మైకులో అడిగాడు. ఆమె యాభై అంది. గదంతా హోరెత్తింది. వేల్స్ కుర్రాళ్ళు ఆమెను కుర్చీతో సహా ఎత్తారు, ఎన్నిస్ పూల కమిటీ అధ్యక్షురాలు పైకప్పు దూలాన్ని రెండు చేతులా పట్టుకుని, రైల్లో నిషేధించిన పాటలన్నీ ఒక్కొక్కటే పాడింది. అన్నిటికీ మాటలు వచ్చు ఆమెకు. డింప్నా పెళ్ళికొడుకుతో నాట్యం చేసింది. అతను ఆమె కాలు తొక్కి క్షమించమన్నాడు, తొక్కింది చెప్పులేని కాలితోనే కాబట్టి ఫరవాలేదంది. మాలకీ తన సగం గ్లాసు పోయిన చోటును బల్ల మీద గుర్తుపట్టి, అక్కడే నిండు గ్లాసు పెట్టించుకున్నాడు. బయట వెలుతురు పోవడానికి ఇష్టపడక వీధిలోనే తచ్చాడుతోంది.

మర్నాడు హోటల్లో ఫలహారం దగ్గర ముగ్గురూ నెమ్మదిగా నమిలారు. కన్సెప్టా నల్లకళ్ళద్దాలు తియ్యలేదు. టోస్టుకు వెన్న రాస్తూ రాస్తూ ఆగింది.

"ఒసే, ఆ రేడియో సంగతి నిజమేనా?"

నిజమేనంది డింప్నా.

"నాకు తెలియదే. నేను కాన్వెంటులో ఉన్నాను." మళ్ళీ వెన్న రాయడం మొదలెట్టింది. "థేడీ అది వాయిస్తుంటే నాన్న ఏం చేసేవాడు?"

డింప్నా టీ కప్పు దించి ఆలోచించింది. మొదట్లో కిటికీ దగ్గర నిలబడి బూతులు తిట్టేవాడని చెప్పింది. ఆ తర్వాత ఒకరోజు, గడ్డి కోత ముగిసిన సాయంత్రం అనుకుంటా, థేడీ వాయించడం మొదలెట్టగానే నాన్న లేచి రేడియో కట్టేశాడు. టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అయిపోయేదాకా కదల్లేదు.

"అయ్యాక ఏమన్నాడు?"

"రెండో సగం తప్పు వాయిస్తున్నాడు సన్నాసి అన్నాడు."

మాలకీ తలూపి, తనకూ నిన్న అలాగే అనిపించిందన్నాడు. కన్సెప్టా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. చెల్లెలి పళ్ళెంలో మిగిలిన సాసేజీ తీసుకుని తినేసి, రైలుకు టైమవుతోంది, లేవండి అంది.